పొలానికి రెండు చివర్లు

డ్రై క్రీక్,
1997 ఫిబ్రవరి 3

వాండా,

నువ్వెలా ఉన్నావని అడగను. నీ సంగతులు ఊరంతా చెబుతోంది. మొన్న పోస్టాఫీసుకి స్టాంపుల కోసం వెళ్తే అక్కడి పిల్ల అడిగింది, "ఏం లైల్, మీ చెల్లెలు ఫైర్‌మన్ అవుతోందటగా?" అని. నా తోడబుట్టినదాని కబురు నాకు స్టాంపులమ్మే పిల్ల చెప్పాలి. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, తర్వాత ఆరు నెలలు మాటలుండవు. అందుకే కాగితం. దీని మీద నువ్వెంత అరిచినా నాకు వినపడదు.

నిజమేనా? కౌంటీ వాళ్ళు జీతమిచ్చి పెట్టుకుంటామన్న ఆ రెండు ఉద్యోగాల్లో ఒకదానికి నువ్వు దరఖాస్తు పెట్టావా? అవి దేనికి పుట్టాయో తెలిసే పెట్టావా? మా వాలంటీరు స్టేషన్లు ఐదింటినీ మింగెయ్యడానికి. నాన్న తన చేత్తో సిమెంటు కలిపి కట్టిన స్టేషనుకి ఇప్పుడు 'నాలుగో నంబరు' అని పేరు పెట్టారు. ముప్ఫై ఏళ్ళుగా పైసా తీసుకోకుండా, తింటున్న కంచం వదిలేసి పరిగెత్తిన మనుషులం మేం. ఇక మీదట నువ్వు కౌంటీ యూనిఫాం వేసుకొచ్చి, నీళ్ళ పైపు ఎలా పట్టుకోవాలో మాకు నేర్పుతావన్నమాట.

నిన్ను ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. సహకార సంఘం దగ్గర కాఫీ బల్ల చుట్టూ చేరే బ్యాచ్ మొన్నంతా నీ గురించే. "అగ్గిపెట్టెని ఫైరింజన్ ఎక్కిస్తారంట" అన్నాడొకడు. "ఎక్కిస్తే సరా, ఎటు పోవాలో తెలియొద్దూ? తూర్పేదో పడమరేదో తెలీని మనిషి" అన్నాడింకొకడు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఏం చెయ్యమంటావు, నేను బతికేది వాళ్ళ మధ్య.

దరఖాస్తు వెనక్కి తీసుకో. స్పోకాన్‌లో అంబులెన్సు ఉద్యోగం ఉంది కదా. అక్కడ నీ పాత పేరు ఎవరికీ తెలియదు. అది చాలదా?

మంచు ఇంకా కరగలేదు. దాని కింద గోధుమ మొలక మాత్రం పచ్చగా ఉంది. కుక్క చచ్చిపోయింది, ముసలిదైపోయింది. నిన్ను అడిగానని రాయమంది మీ వదిన జెరీ. రాశాను.

లైల్


స్పోకాన్,
ఫిబ్రవరి 11

అన్నయ్యా,

కుక్క పోయిందని చదివి ఏడుపొచ్చింది. నీ ఉత్తరంలో ఏడవాల్సింది అదొక్కటే. మిగతాది చదివి ఒళ్ళు మండింది.

అవును, పెట్టాను. రాతపరీక్ష కూడా అయిపోయింది. నలభై ఒక్కమంది రాస్తే నాది ఏడో స్థానం. పోస్టాఫీసు పిల్లకి ఈ సంగతి కూడా చెప్పు. ఆరేళ్ళుగా అంబులెన్సులో తిరుగుతున్నాను, నుజ్జయిపోయిన కార్లలోంచి మనుషుల్ని బయటికి లాగాను. ఆ మనుషులెవరూ నన్ను తూర్పేదో పడమరేదో అడగలేదు. నవ్వానని రాయడానికి నీకు సిగ్గులేనప్పుడు చదవడానికి నాకెందుకు?

ఇక నీ స్టేషను సంగతి. పోయిన వేసవిలో పట్టపగలు సైరన్ మోగితే ఎంతమంది వచ్చారు? వదిన చెప్పింది. ఇద్దరు. అందులో ఒకాయనకి డెబ్బై రెండేళ్ళు. మిగతావాళ్ళంతా పక్క ఊళ్ళలో ఉద్యోగాలకి పోయారు. ఎవరూ మింగక్కర్లేదు, అది దానంతటదే ఖాళీ అవుతోంది.

నువ్వు ఆ వంటింట్లో, ట్రాక్టర్ల బండలాగుడు పోటీలో రెండో బహుమతిగా వచ్చిన ఎర్ర రిబ్బను కింద కూర్చుని నాకు బుద్ధులు చెబుతూ రాసి ఉంటావు. నాకు కళ్ళకి కట్టినట్టుంది.

దరఖాస్తు తర్వాత ఇరవై ఆరు పేజీల పుస్తకం ఒకటి ఇచ్చారు, నా బతుకంతా అందులో రాయాలి. పంతొమ్మిదో పేజీలో ఒక ప్రశ్న ఉంది. 'మీ వల్ల ఎప్పుడైనా నిప్పు అంటుకుని ఎవరికైనా నష్టం కలిగిందా?' నేను ఇలా రాశాను, నువ్వూ చదువు.

'1983 ఆగస్టు 12. నాకు పదిహేనేళ్ళు. మా పొలంలో గోధుమ కోతలు. నాన్న కోత మిషను నడుపుతున్నాడు, నేను గింజలు పట్టే లారీ నడుపుతున్నాను. మధ్యాహ్నం లారీని కోసేసిన కొయ్యకాల్లో ఆపి రొట్టె తింటున్నాను. కాలిపోతున్న సైలెన్సర్ తగిలి కింద కొయ్యకాలు అంటుకుంది. మా ఊళ్ళో కోతలప్పుడు డిస్కు నాగలి తగిలించిన ట్రాక్టరు ఒకటి తాళం చెవితో సహా పొలం చివర నిలబెట్టి ఉంచుతారు. మంట చుట్టూ దానితో దున్నేస్తే మట్టి దాటి నిప్పు పోదు. నాకు నడపడం వచ్చు. కానీ నేను పడమటి చివరికి పరిగెత్తాను. ట్రాక్టరు తూర్పు చివర ఉంది. నేను తప్పు చివరికి పోవడం వల్ల మూడొందల ఎకరాలు కాలిపోయాయి. పొరుగు రైతు ఎల్మర్ కూల్మన్ తన ట్రాక్టరు వేసుకుని సాయానికి వచ్చాడు. గాలి తిరిగి మంటలో చిక్కుకుని ఎడమచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడు.'

ఇందులో ఎక్కువ రాసింది లేదు, తక్కువ రాసింది లేదు. మార్చిలో దేహదారుఢ్య పరీక్ష.

వదినకి నా ముద్దులు. నీకు ఏమీ లేవు.

వాండా


డ్రై క్రీక్,
ఫిబ్రవరి 20

వాండా,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. ఇవాళే రాస్తున్నాను. ఆ పేజీ మార్చు.

నీ మంచికే చెబుతున్నాను. పొలం తగలబెట్టానని సొంత చేత్తో రాసిచ్చినదాన్ని ఫైర్‌మన్‌గా ఎవడు పెట్టుకుంటాడు? ఎవరూ అడగని దాన్ని నువ్వెందుకు తవ్వుతున్నావు? నాన్న పోయి ఏడేళ్ళయింది. ఎల్మర్ ఆ చేత్తోనే బంగాళాదుంపలు తవ్వుకుంటున్నాడు, పేకాట ఆడుతున్నాడు, ఆ రోజు మాట ఎత్తడు. పదిహేనేళ్ళ పిల్ల చేసినదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

అంత రాయకపోతే కడుపుబ్బుతుందనుకుంటే లారీ వరకూ రాసుకో. ట్రాక్టరు ఏ చివర ఉంది, నువ్వు ఏ చివరికి పోయావు, ఇదంతా దేనికి? ప్రశ్నలో అది లేదు. అడిగినదానికే జవాబు చెప్పడం నువ్వు చిన్నప్పుడూ నేర్చుకోలేదు.

పాత ఫైరింజన్ పంపు మళ్ళీ కారుతోంది. దానికి వేసే రబ్బరు ఉంగరం ఎక్కడా దొరకడం లేదు. కౌంటీ వాళ్ళు వచ్చి చూసి, "దీన్ని మ్యూజియంలో పెట్టుకోండి" అన్నారు. నువ్వు చేరబోయేది ఆ మర్యాదస్తుల్లోనే.

ఆ పేజీ మార్చు.

లైల్


స్పోకాన్,
మార్చి 17

అన్నయ్యా,

నీకు జవాబివ్వకూడదని మూడు వారాలు ఉగ్గబట్టుకున్నాను. ఇవాళ పరీక్ష ఫలితం వచ్చింది, ఆ సంతోషంలో రాస్తున్నాను.

ముందు వీపున పైపు కట్ట మోసుకుని నాలుగంతస్తులు ఎక్కాలి, దిగాలి. తర్వాత సుత్తితో ఇనప దిమ్మెని కొట్టుకుంటూ ఐదడుగులు జరపాలి. చివరికి నూట అరవై ఐదు పౌన్ల బొమ్మని చంకల కింద పట్టి వెనక్కి ఈడవాలి. అప్పటికి కాళ్ళు నా మాట వినడం మానేశాయి. బొమ్మకి మొహం గీయలేదు. నేను నీ మొహం ఊహించుకున్నాను. పంతొమ్మిది సెకన్లలో ఈడ్చి పారేశాను. ఆ రోజు అదే అందరికన్నా తక్కువ సమయం.

ఇంటర్వ్యూలో ఐదుగురు కూర్చున్నారు. ఒక మూల కూర్చున్నాయన కౌంటీ ఫైర్ చీఫ్ ఎగెన్, మాట తక్కువ మనిషి. "నీ బతుకులో నువ్వు చేసిన పెద్ద తప్పేంటమ్మా?" అని అడిగాడు. చెప్పాను. "దాన్నుంచి ఏం నేర్చుకున్నావు?" అన్నాడు. ఎక్కడికి పోయినా ముందు ఏ వస్తువు ఏ పక్కనుందో చూసుకోకుండా పని మొదలుపెట్టనని చెప్పాను. అంబులెన్సు ఎక్కగానే ఆక్సిజన్ ఏ వైపుందో చేత్తో తడిమి చూస్తాను. సినిమాకి పోయినా తలుపులు లెక్కపెట్టుకుంటాను. నా పక్కన కూర్చోడానికి మనుషులు విసుక్కుంటారు. ఆయన ఏదో రాసుకున్నాడు.

ఇక నీ సలహా. నాకు అర్థం కాలేదనుకోకు. నేను ఆ సంగతి దాస్తే, వాళ్ళు డ్రై క్రీక్ వచ్చి అడిగినప్పుడు నువ్వు నిజం చెప్పేస్తావు. నేను అబద్ధాలకోరునని తేలిపోతుంది. నీ దారికి నా అడ్డు తొలగిపోతుంది. ఇక్కడ తప్పు చేసినవాళ్ళని పెట్టుకుంటారు, దాచినవాళ్ళని పెట్టుకోరు. మొదటి రోజే చెప్పారు. నీ ఎత్తు బాగానే ఉంది, నేనే పడలేదు.

విచారణకి వెర్నా పైక్ అనే ఆవిడ వస్తుంది, డిప్యూటీ షెరీఫ్‌గా చేసి రిటైరైంది. ఆ ఏటి సంగతులన్నీ నాన్న స్టేషన్ రిజిస్టర్లో రాశాడని ఆవిడకి చెప్పాను. అడిగితే తీసి ఇవ్వు. ఇంతకుమించి నిన్ను నేనేం కోరడం లేదు.

వాండా


డ్రై క్రీక్,
మార్చి 25

వాండా,

మీ వెర్నా వచ్చింది. జెరీ చేసిన ఆపిల్ పై రెండు ముక్కలు తిని, మూడు కప్పుల కాఫీ తాగి, ఎనభైమూడో సంవత్సరం రిజిస్టరు అడిగింది. ఎలకలు కొట్టేశాయని చెప్పాను. "అన్నీనా?" అంది. "ఆ ఒక్కటే" అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూసి, కారులో కూర్చుని ఏదో రాసుకుని వెళ్ళింది. ఎటు వెళ్ళిందో చూశాను. ఎల్మర్ ఇంటికి.

ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?

నువ్వు ఉద్యోగం కోసం వస్తున్నావనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు. నన్ను బజారుకీడ్చడానికి వస్తున్నావు. నాన్న పోయినప్పుడు ఆ రిజిస్టరు ఉన్న పిండి డబ్బా దగ్గర నువ్వు తచ్చాడడం నేను చూడలేదనుకున్నావా? నువ్వు అప్పుడే చదివేశావు. చదివి, ఏడేళ్ళు దాచుకుని, అదను చూసి కౌంటీ వాళ్ళ చేతికి తాడు ఇచ్చావు. సొంత అన్న మెడకి వేస్తావా ఆ తాడు?

ఇప్పుడు చీఫ్‌గా ఉన్న నన్ను, కౌంటీలో కలిశాక నాలుగో నంబరుకి వాలంటీరు కెప్టెన్‌గా ఉంచుతామని ఎగెన్ మాట ఇచ్చాడు. అది కూడా నీ కళ్ళలో పడిందన్నమాట.

ఈ ఇంటికి నువ్వు ఉత్తరం రాయనక్కర్లేదు.

లైల్ టోఫ్టె


స్పోకాన్,
ఏప్రిల్ 4

డ్రై క్రీక్ వాలంటీరు చీఫ్ శ్రీ లైల్ టోఫ్టె గారికి,

అయ్యా, తమరు రాయొద్దన్నారు. ఇది చెల్లెలు రాసేది కాదు, ఒక అభ్యర్థి ఒక అధికారికి రాసేది. కనుక తమరు విప్పి చదవచ్చు.

తమరి ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తాడేమిటో, మెడేమిటో నాకు అర్థం కాలేదు. నేను ఆ రిజిస్టరు చదవలేదు. నాన్న పోయిన రోజు పిండి డబ్బా మూత తీశాను, బిస్కెట్లు చెయ్యడానికి. లోపల పిండి లేదు, ఆకుపచ్చ అట్ట పుస్తకం ఉంది. మూత పెట్టేశాను. రేకు డబ్బాలోకి ఎలకలు ఎలా దూరాయో వెర్నా పైక్ గారికి తమరే వివరించాలి. ఆవిడ ముప్ఫై ఏళ్ళు దొంగల్ని చూసిన మనిషి.

నిన్న చీఫ్ ఎగెన్ ఫోన్ చేశారు. రాష్ట్రం వాళ్ళ దగ్గర ఆ రోజు గురించి ఒక్క వాక్యమే ఉందట. 'లారీ వల్ల, నడిపినది మైనరు బాలిక.' అంతే. ట్రాక్టరు ఊసు లేదు, ఎల్మర్ ఊసు లేదు. "నువ్వు ఇంత రాశావు, కాగితం మీద అంత దొరకడం లేదు. ఏదో కల్పించావంటారు, లేకపోతే ఏదో దాచావంటారు. రుజువు లేకుండా నేను ఫైలు మూయలేను" అన్నారు. ఏప్రిల్ ముప్ఫై లోపు తేలకపోతే నా వెనకున్న మనిషికి ఇచ్చేస్తారు. ఇప్పుడు నేను మూడో స్థానంలో ఉన్నాను. పైన ఉన్న ఒకతను వద్దనుకున్నాడు. ఉన్నవి రెండు. అంటే ఒకటి నాది, తమరు ఆ డబ్బా మూత తీస్తే.

నా మీద తమరికి ఇంత కసి ఎందుకో తెలియదు. ఆ రోజు మొహమంతా మసితో నేను రోడ్డు పక్కన కూర్చుంటే తమరే వచ్చి అన్నారు, "ట్రాక్టరు తూర్పు చివర ఉందే, నువ్వు పడమరకి పోయావేంటే" అని. నాకు ఇప్పటికీ ఆ మాట చెవుల్లో ఉంది. ఆ తర్వాత ఊరంతా అదే మాట. బళ్ళో అదే, చర్చిలో అదే. అగ్గిపెట్టె అన్నారు, పడ్డాను. పంతొమ్మిదేళ్ళకి ఊరు వదిలేశాను. ఇప్పుడు తిరిగొచ్చి ఆ పొలాల్లోనే ఆ పని సరిగ్గా చేస్తానంటున్నాను. నేను కోరుకున్నది బతుకులో ఇదొక్కటే. నా మీద తమరి అభిప్రాయం నాకు అక్కర్లేదు. పుస్తకం ఇప్పించండి.

ఇట్లు,
తమరు తలుపు వేసేసిన
వాండా టోఫ్టె


డ్రై క్రీక్,
ఏప్రిల్ 15

వాండా,

ఇది ఐదోసారి రాయడం. నాలుగు పొయ్యిలో వేశాను.

నువ్వు చదవలేదన్న మాట నేను నమ్మలేదు. నువ్వు మళ్ళీ ఎత్తు వేస్తున్నావనే అనుకున్నాను. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా మెట్ల మీద ఎల్మర్ కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆ వెర్నా నా చెయ్యి చూసి, ఎలా పోయాయండీ అనడిగింది" అన్నాడు. "నిప్పులో అన్నాను. వాళ్ళ ట్రాక్టరు ఉండగా మీరెందుకు పోయారంది. ఆ ముక్క లైల్‌ని అడగమ్మా అన్నాను."

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలియకేం. ఆ పొద్దున నేను రోడ్డు మీదే ఉన్నా. నువ్వు ట్రాక్టరేసుకుని నన్ను దాటిపోతూ చెయ్యి కూడా ఊపావు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావేమోనని చూశా. మీ చెల్లెలు ఊరొదిలిపోయిన రోజు చెబుతావనుకున్నా. మీ నాన్న పోయిన రోజు చెబుతావనుకున్నా. తర్వాత అనుకోడం మానేశా." లేచి ప్యాంటు దులుపుకుని వెళ్ళిపోయాడు. కాఫీ కూడా తాగలేదు.

సరే, విను. దానికి వారం తర్వాత కౌంటీ తిరునాళ్ళు. బండలాగుడు పోటీకి మన ట్రాక్టరు కట్టాలని నాకు పిచ్చి. నాన్నకి చెబితే కోతల మధ్య కుదరదంటాడు. ఆయన మిషను మీద ఉండగా తూర్పు చివర డిస్కు ఊడదీసి అక్కడే పడేసి, ముందుగా ఓసారి బండ లాగించి చూద్దామని ట్రాక్టరు ఒక్కదాన్నే తిరునాళ్ళ మైదానానికి తోలుకుపోయాను, ఆరు మైళ్ళు. పొగ అక్కడి నుంచి చూశాను. వెనక దారిలో వచ్చి, డిస్కు తగిలించుకుని దున్నడం మొదలుపెట్టాను. అందరూ నేను తూర్పు నుంచి రావడం చూశారు. ఎల్మర్‌ని అప్పటికే పికప్‌లో పడుకోబెట్టారు. నువ్వు రోడ్డు పక్కన కూర్చుని ఉన్నావు. నా నోటికి ఆ మాట వచ్చింది, అన్నాను. ఒకసారి అన్నాక ఊరంతా అంది. వెనక్కి తీసుకునే చోటు నాకు దొరకలేదు.

నాన్నకి ఆ సాయంత్రమే తెలిసింది. రోడ్డు మీద టైర్ల గుర్తులు చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రాష్ట్రానికి ఒక్క వాక్యం పంపాడు, తన పుస్తకంలో మాత్రం మొత్తం రాశాడు. పుస్తకం ఇవాళ వెర్నా చేతిలో పెట్టి వచ్చాను, సంతకం తీసుకున్నాను. ఇచ్చే ముందు ఆ పేజీ నీ కోసం చూసి రాసుకున్నాను.

'ఆగస్టు 12. మా పొలం. 12.50కి లారీ కింద రాజుకుంది. పావు ఎకరం ఉండగా చూశాను. చుట్టూ ఒక్కసారి దున్నితే ఆగేది. డిస్కు తూర్పు చివర ఉంది, ట్రాక్టరు లేదు. లైల్ చెప్పకుండా తిరునాళ్ళకి తీసుకుపోయాడు. 1.30కి తెచ్చాడు. అప్పటికి మూడొందల ఎకరాలు, ఎల్మర్ చెయ్యి. పిల్ల పడమటి చివరికి పరిగెత్తింది. ఎటు పరిగెత్తినా ఒకటే.'

కెప్టెన్ పని వద్దని, ఇక సైరన్‌కి కూడా రానని ఎగెన్‌కి చెప్పేశాను. ఆయన ఎందుకని అడగలేదు. వెర్నా ముందే చెప్పి ఉంటుంది.

క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు ఇవ్వవు. ఇచ్చినా నేను నమ్మను. నువ్వు ఈ ఉద్యోగానికి పెట్టకుండా ఉంటే ఇదంతా ఉండేది కాదని ఇప్పటికీ అనిపిస్తోంది. అది కూడా నిజమే కనుక రాశాను.

లైల్


స్పోకాన్,
మే 9

లైల్,

ఉద్యోగం వచ్చింది. ఇరవయ్యో తారీఖున చేరాలి. ఏడాది పాటు ప్రొబేషన్. నాలుగో నంబరు స్టేషను.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు, అందుకని కోపంతోనే రాస్తున్నాను.

పద్నాలుగేళ్ళు. కల్లో కూడా నేను ఆ పొలంలో పరిగెత్తుతూ ఉంటాను. ఈసారైనా తూర్పుకి పోవాలని తిరుగుతాను, కాళ్ళు తిరగవు. లేచి కూర్చుని, తూర్పుకి పోయి ఉంటే ఎల్మర్‌కి పది వేళ్ళూ ఉండేవి అనుకునేదాన్ని. తూర్పున ఉన్నది ఒట్టి డిస్కు. ట్రాక్టరు లేని డిస్కు ఇనప తుక్కు. ఆ సంగతి తెలిసిన మనుషులు ముగ్గురు ఉండి, ఒక్కరూ నాతో అనలేదు. లారీ ఆపింది నేనే. అది నాదే, ఎప్పటికీ నాదే. పావు ఎకరం నాది. మిగతా మూడొందలూ నీవి, నువ్వు నా నెత్తిన పెట్టావు. పెట్టి, వారం తిరక్కుండా అదే ట్రాక్టరుతో గెలిచిన ఆ రిబ్బనుని వంటింట్లో గోడకి తగిలించుకున్నావు. నేను దాని కింద కూర్చుని నాలుగేళ్ళు తిన్నాను.

నాన్న మీద కూడా కోపంగా ఉంది. కొడుకుని కాపాడుకుని, కూతుర్ని రాష్ట్రానికి రాసిచ్చాడు. ఆ కోపం చూపించడానికి ఆయన లేడు కనుక ఆయన వాటా కూడా నీకే.

ఎల్మర్ మీదా కోపమొచ్చింది. కానీ ఆయన పోయిన శనివారం మూడు గంటలు పికప్ నడుపుకుంటూ ఇక్కడికొచ్చాడు. గుమ్మంలో టోపీ తీసి నిలబడి, "నేనూ నోరు మూసుకున్నానమ్మా, తప్పు నాది కూడా" అన్నాడు. నువ్వు నీ తప్పుని కవర్లో పెట్టి పంపావు.

కెప్టెన్ పని వదులుకున్నావని నేను నిన్ను మెచ్చుకుంటాననుకుంటే పొరపాటు. పగలు వచ్చే ఇద్దరిలో ఒకడివి నువ్వు. ఇప్పుడు ఒక్కరే. ఆ భారం కూడా నా మీదే పడేలా చేశావు.

వాండా


డ్రై క్రీక్,
జులై 20

వాండా,

నువ్వు ఇరవై మైళ్ళ దూరంలో గది తీసుకున్నావని, మా రోడ్డు మీదుగానే స్టేషనుకి పోతున్నావని, మా గేటు దగ్గర ఒక్కసారి కూడా వేగం తగ్గించలేదని జెరీ చెబుతోంది. నేను కూడా చూశాను. అయినా స్టాంపు అంటించి రాస్తున్నాను.

మీ ప్రమాణ స్వీకారానికి జెరీని పిలిచావు, నన్ను పిలవలేదు. సరే. బ్యాడ్జి ఇంట్లో మనిషి చేత పెట్టించుకోవడం ఆనవాయితీ కదా. నువ్వు ఎల్మర్ చేత పెట్టించుకున్నావట. ఆ మూడు వేళ్ళతో పిన్ను పట్టక ఐదు నిమిషాలు తంటాలు పడ్డాడట. ఎవరో సాయం చెయ్యబోతే నువ్వు వద్దన్నావట, కదలకుండా నిలబడ్డావట. జెరీ ఇంటికొచ్చి ఇది చెప్పి, నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

కాఫీ బల్ల దగ్గరికి పోయి నేనే చెప్పాను, ట్రాక్టరు ఎక్కడుందో. ఎవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం, "అయితే ఇన్నాళ్ళూ మేం తప్పుడు మనిషిని ఏడిపించామన్నమాట" అన్నాడు. అప్పట్నుంచి నా కుర్చీ పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. నిన్ను అగ్గిపెట్టె అనడం మానేశారో లేదో నాకు తెలియదు. నా ముందు మాత్రం అనడం లేదు.

రిబ్బను తీసేశాను. గోడ మీద ఆ మేరకి తెల్లగా మిగిలింది. జెరీ అక్కడ కేలండరు తగిలించింది.

ఇరవై ఎనిమిదిన, సోమవారం, కోతలు మొదలు. గోధుమ బాగా పండింది, ఎండిపోయి గలగలలాడుతోంది. ట్రాక్టరుకి డిస్కు తగిలించి తూర్పు చివర నిలబెట్టాను. పడమటి చివర కూడా ఒకటి నిలబెట్టాను, ఎల్మర్ దగ్గర పాతది అడిగి తెచ్చి. నీకు చెప్పాలనిపించింది, అంతే. ఎవరు ఏ చివరికి పరిగెత్తినా ఉంటుంది.

లైల్


హాల్‌స్టెడ్ కౌంటీ ఫైర్, నాలుగో నంబరు స్టేషను,
జులై 25

అన్నయ్యా,

అలవాటుకొద్దీ అన్నయ్యా అని రాశాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

నీ ఉత్తరం చేరిన మర్నాడు నాకు డ్యూటీ. కోతల ముందు పొలాల దారులు చూసి రమ్మని మమ్మల్ని పంపారు. ఫైరింజన్ మీ గేటు దాటించి పడమటి దారిలో ఆపి, కంచె దూకి లోపలికి పోయాను. ఇంటికి రాలేదు, రాను. పొలానికి వచ్చాను. అది నా పని.

తూర్పు చివర అంతా సరిగ్గా ఉంది. పడమటి ట్రాక్టరుకి డిస్కు తగిలించి ఉంది, డీజిలు నిండా ఉంది. సీటెక్కి చూశాను.

తాళం చెవి లేదు. పెట్టు.

వాండా